గోదా తవ్విన వదిన

కోట్ మల్లా, హోషియార్‌పుర్ జిల్లా
26 నవంబరు 2006

హర్నేక్‌కు, వదిన పర్సిన్ కౌర్ ఆశీస్సులు.

నీ చెవులు పనిచేస్తే నాకీ ఉత్తరం రాసే పని తప్పేది. పక్కింటివాళ్ళ ఫోనులో నాలుగు మాటలు అనేసి ఊరుకునేదాన్ని. కుస్తీలు పట్టి పట్టి ఆ చెవుల్ని పకోడీల్లా చేసుకున్నావు. ఇప్పుడు కూర్చుని చదువుకో.

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు గోదా సంగతి.

మీ అన్న పోయాక కొన్నాళ్ళు కుర్రాళ్ళు గోదాకి వచ్చారు. తర్వాత ఇద్దరే వచ్చారు, తర్వాత ఒక్కడు, ఆ తర్వాత కుక్కలు. సర్పంచి గుర్మేజ్ సింగ్ కొడుకు అద్దాల గదిలో ఇనప సామాను పెట్టాడు. అందరూ అక్కడికి పోయి ఆ అద్దాల్లో వాళ్ళని వాళ్ళు చూసుకుంటున్నారు. కబడ్డీ ఆడేవాళ్ళేమో కండలు పెరగాలని సూదులు పొడిపించుకుంటున్నారు. మీ అన్న దగ్గర పట్లు నేర్చుకున్న దర్శీ గుర్తున్నాడా? ఆ సూదులకి ఒళ్ళంతా ఉబ్బిపోయి మంచం మీదున్నాడు.

మొన్న పొలం నుంచి వస్తూ చూశాను. గోదా మట్టి ఇటికలా గట్టిపడి నెర్రెలిచ్చింది. దాని మీద ఎవరో పిడకలు ఎండబెట్టారు. మీ అన్న మెహంగా పహిల్వాన్ గోదా మీద పిడకలు. వాటిని ఒక్కొక్కటే తీసి గట్టు మీద పేర్చాను. ఇంటికొచ్చి మీ అన్న పార తీసుకుని మళ్ళీ వెళ్ళాను. మట్టి మళ్ళీ మెత్తబడేలా నేనే తవ్వాను.

నువ్వేమంటావో తెలుసు. కాపురానికి వచ్చిన నాటి నుంచి గట్టు దాకా పాలచెంబు తెచ్చి, గట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి పోయేదాన్ని. ఆడది కాలు పెడితే మీ పహిల్వాన్లు మొక్కే లఖ్‌దాతా పీరుకి కోపం వస్తుందని మీరంతా చెప్పారు. కాలు పెట్టాను. మట్టి చల్లగా ఉంది. ఇంకేం జరగలేదు.

ఉజాగర్ బావగారు రోడ్డు మీద నుంచి చూశాడు. మీ పెదనాన్న కొడుకే అయినా ఆయనంటే నీకూ భయమేగా. ఈ చుట్టుపక్కల ఏ కుస్తీలోనైనా గెలుపెవరిదో తేల్చిన మనిషి. నేనైతే పెళ్ళైన నాటి నుంచి ఆయన ముందు ముసుగు తీసింది లేదు, నోరు విప్పింది లేదు. ఆయన కర్ర నేలకి ఒకసారి కొట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

చైత్రంలో పీరు తిరునాళ్ళ వస్తుంది. ఈసారి కుస్తీలు లేవు, పాటగాడిని పిలిపిస్తాం అంటున్నాడు గుర్మేజ్. కుస్తీలు ఉంటాయి. ఎవరు చేయిస్తారని మాత్రం అడగకు.

ఇక్కడ అంతా బాగున్నాం. గేదె ఈనింది. మా తోడికోడలు మహిందరోకి నా దీవెనలు చెప్పు.

నీ వదిన

*

బాజ్‌పుర్ దగ్గర, తరాయి
12 డిసెంబరు 2006

వదినా, నీ పాదాలకు నమస్కారం.

ఉత్తరం మహిందరోకి ఇచ్చి చదవమన్నాను. ఆవిడ నవ్వింది. నేను ఆ పూట అన్నం తినలేదు.

నన్ను ఎత్తుకుని పెంచినదానివి. నీకు ఎదురు చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ గోదా వంటిల్లు కాదు వదినా. అందులో దిగే ముందు అన్న చెప్పులు విప్పి, మట్టి తీసి నుదుటికి రాసుకునేవాడు. ఆ చోట నువ్వు సల్వార్ మడిచి పార పట్టుకున్నావని తలచుకుంటే ఎవరి ముందూ తలెత్తలేకపోతున్నాను. ఇక్కడ చక్కెర మిల్లులో మన జిల్లా వాళ్ళు చాలామంది ఉన్నారు. అప్పుడే ఒకడు అడిగాడు, మీ ఇంట్లో మగాళ్ళు అయిపోయారా అని.

ఇంకో మాట. మట్టి కుస్తీ రోజులు పోయాయి. ఇప్పుడంతా పరుపు మీదే. పరుపు మీద పట్టిన వాడికి రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వస్తుంది. మట్టిలో పట్టిన వాడికి ఏమొస్తుంది? నా చెవులు చూడు.

గుర్మేజ్ ఈ మధ్య చుట్టాల పెళ్ళికి ఇటువైపు వచ్చి మిల్లుకి వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. గోదా ఉన్న స్థలం గురించి అడిగాడు. నేను ఒక మాట అన్నాను. చెరుకు బళ్ళు గేటు దగ్గర వరసగా నిలబడి ఉన్నాయి, వివరంగా తర్వాత రాస్తాను. నువ్వు మాత్రం ఇక గోదాలో దిగకు. నా మీద ఒట్టు.

నీ హర్నేక్

*

కోట్ మల్లా
30 డిసెంబరు 2006

హర్నేక్‌కు,

వివరంగా రాయనక్కర్లేదు. గురుద్వారా మైకులో విన్నాను.

పొద్దున పాలు పితుకుతున్నాను. దివంగత మెహంగా సింగ్ పహిల్వాన్ తమ్ముడు హర్నేక్ సింగ్ గారు పెద్ద మనసుతో గోదా స్థలాన్ని ఊరికి ఇచ్చారు, అక్కడ గోదా పూడ్చి కబడ్డీ మైదానం, పాటకచేరీలకి వేదిక కడతాం, కెనడాలో ఉన్న మనవాళ్ళు ఖర్చు భరిస్తున్నారు, అని గుర్మేజ్ చదివాడు. రెండుసార్లు చదివాడు. గేదె తన్నింది, పాలన్నీ నేలపాలు.

నేను మట్టి తొక్కినందుకు ఆ మట్టినే తీసేద్దామనుకున్నావా? ఊళ్ళో అలాగే అనుకుంటున్నారు. నేనూ అదే అనుకుంటున్నాను.

ఒట్టు నీది. నాది కాదు. ఇవాళ కూడా తవ్వాను.

పర్సిన్ కౌర్

*

బాజ్‌పుర్ దగ్గర
11 జనవరి 2007

వదినా, పాదాలకు నమస్కారం.

పేరు మాత్రం రాసి ఊరుకున్నావు. వదిన అని కూడా రాయలేదు. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

జరిగింది చెబుతాను. గుర్మేజ్ వచ్చినప్పుడు మిల్లు నడుస్తోంది. మంచి చెవులున్నవాడికే ఆ రొదలో ఏమీ వినపడదు. అతని పెదవులు చూసి సగం, ఊహించి సగం అర్థం చేసుకున్నాను. అన్న పేరు పలికాడు. స్టేడియం అన్నాడు. చేతులతో పెద్ద గేటు గీసి చూపించాడు. అన్న పేరుతో గేటు, లోపల కప్పు కింద గోదా అని నాకు అర్థమైంది. తలూపాను. చెయ్యి కలిపాను. గోదా పూడుస్తారని నాకు తెలియదు. గురువు సాక్షిగా తెలియదు.

అబద్ధం ఎందుకు, ఇంకోటి కూడా ఉంది. ఆ ముందు రోజే నీ ఉత్తరం వచ్చింది. ఒళ్ళు మండి ఉన్నాను. స్టేడియం కట్టేస్తే ఇక నువ్వు తవ్వే పని ఉండదని కూడా అనుకున్నాను. సరిగ్గా వినపడకపోయినా మళ్ళీ అడగకుండా తలూపింది అందుకే.

ఇప్పుడేం చెయ్యను? నలుగురి ముందు చెయ్యి కలిపాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్న పహిల్వాన్ని ఎక్కడైనా చూశావా? గుర్మేజ్‌తో నిదానంగా మాట్లాడు. ఒక మూల గోదా ఉంచమని అడుగు. ఒప్పుకుంటాడు.

మహిందరో నాతో మాట్లాడటం లేదు. నా ముందు పళ్ళెం పెట్టి గోడ వైపు తిరుగుతోంది.

నీ హర్నేక్

*

కోట్ మల్లా
27 జనవరి 2007

హర్నేక్‌కు,

నీ ఉత్తరం లోహ్రీ పండగ మంటలు ఆరాక వచ్చింది. ముందే వచ్చి ఉంటే మంటలో వేసేదాన్ని. ఇప్పుడు కొంచెం చల్లబడ్డాను.

గుర్మేజ్‌తో నిదానంగానే మాట్లాడాను. స్థలం ఇద్దరన్నదమ్ములది. మాట ఇచ్చింది ఒక్కడు. నీ సగం పూడ్చుకో, మిగతా సగంలో నేను కుస్తీలు పట్టిస్తాను, పహిల్వాన్లు ఒంటికాలి మీదే కుస్తీ పడతారు, అన్నాను. వాడి వెనకున్న వాళ్ళు నవ్వారు. వాడు నవ్వలేదు. నువ్వు ఆడదానివి కాబట్టి ఊరుకుంటున్నా అన్నాడు. ఊరుకోవద్దన్నాను.

ఇప్పుడు మంచి వార్త. కొండల నుంచి గుజ్జర్లు గేదెల్ని తోలుకుని దిగారు. వాగు పక్కన గుడారాలు వేశారు. వాళ్ళలో ఫకర్‌దీన్ అని ఒకడున్నాడు. గడ్డి కోసం బేరానికి వచ్చి, గోదా దగ్గర ఆగి, వంగి మట్టి పిసికి చూసి, ఇది ఎవరు తవ్వుతున్నారని అడిగాడు. నేనే అన్నాను. వాడేమీ ఆశ్చర్యపోలేదు. నూనె చాల్లేదమ్మా అన్నాడు. ఆవనూనె, పసుపు, మజ్జిగ వేసి వారం రోజులు ఇద్దరం కలిసి కలిపాం. మనిషి తలుపంత వెడల్పు. జమ్మూ వైపు మట్టి కుస్తీలే వాళ్ళకి పండగట. రోజూ తెల్లారకముందే వచ్చి దండీలు, బస్కీలు తీస్తాడు. తర్వాత పని. మన ఊరి కుర్రాళ్ళు ఇద్దరు దూరంగా నిలబడి చూస్తున్నారు. ఇంకా చెప్పులు విప్పలేదు.

నువ్వు వెనక్కి తీసుకోలేని మాట నీ దగ్గరే ఉంచుకో. నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

నీ వదిన

*

బాజ్‌పుర్ దగ్గర
9 ఫిబ్రవరి 2007

వదినా, నమస్కారం.

మన ఊరి నుంచి లారీ తోలుకొచ్చిన వాడు నిన్న మిల్లులో ఒక మాట అన్నాడు. నాకు వినపడదనుకుని పక్కవాడితో అన్నాడు. వాడి పెదవులు నాకు బాగానే కనిపించాయి.

మెహంగా పహిల్వాన్ పెళ్ళాం ఒక గుజ్జర్ కుర్రాడికి నెయ్యి పోసి పెంచుతోందని, తెల్లారకముందే ఇద్దరూ గోదాలో ఉంటారని అన్నాడు. వాడి చొక్కా పట్టుకున్నాను. మిల్లువాళ్ళు విడదీశారు.

నువ్వేమిటో నాకు తెలుసు. కానీ ఊరికి నోరుంది. అన్న పేరు నిలబెట్టాలని చేస్తున్నదే అన్న పేరుకి మచ్చ తెస్తే ఎలా? ఆ ఫకర్‌దీన్‌ని పంపించెయ్.

హర్నేక్

*

కోట్ మల్లా
19 ఫిబ్రవరి 2007

హర్నేక్‌కు,

ఉత్తరం పొయ్యిలో పెట్టాను. దాని మీద ఒక రొట్టె కాలింది.

మంచి మాట చెవి దగ్గర అరిచి చెప్పినా నీకు దూరదు. ఇలాంటివి మాత్రం పెదవుల మీద నుంచే ఏరుకుంటావు.

అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఫకర్‌దీన్ ఒక్కడే రాడు. వాళ్ళమ్మ రోజూ వెంట వచ్చి గట్టు మీద కూర్చుని జపమాల తిప్పుకుంటుంది. నేను తవ్వుతుంటే, నడుము వంచకు, మోకాళ్ళు వంచు అని కేకలేస్తుంది. వాడికి నెయ్యి పోస్తున్నది నేను కాదు. వాళ్ళ గేదెల నెయ్యి వాళ్ళే నాకు తెచ్చి పెడుతున్నారు. మొన్న నాకు జ్వరం వస్తే ఆ ముసలామె నా గేదెల్ని పితికింది. మనవాళ్ళలో ఎవరూ గడప తొక్కలేదు.

మీ అన్న పేరంటావు. ఆయన పేరు నిలబెట్టడానికి నేనిది చేస్తున్నానని నీకెవరు చెప్పారు? కాపురానికి వచ్చిన నాటి నుంచి బాదం నూరాను. ఆయన ఒంటికి నూనె రాశాను. విరిగిన వేళ్ళు కట్టాను. ఎవరు ఎవర్ని ఏ పట్టుతో పడేశారో పొయ్యి దగ్గర కూర్చుని ప్రతి రాత్రీ విన్నాను. ఒక్క కుస్తీ దగ్గర నుంచి కళ్ళారా చూడలేదు. ఇన్నేళ్ళు నేను వండి పోసినది ఏమిటో చూడాలని ఉంది. అది నా కోరిక. ఆయనది కాదు.

ఫకర్‌దీన్ ఎక్కడికీ పోడు. నువ్వు గుర్మేజ్‌కి ఇచ్చిన మాట వెనక్కి తీసుకునేదాకా నాకు రాయకు.

పర్సిన్

*

బాజ్‌పుర్ దగ్గర
3 మార్చి 2007

వదినా, నీ పాదాల మీద నా తల.

తీసుకున్నాను.

నీ ఉత్తరం మహిందరో చదివింది. చదివి, లేచి, శాలువా కప్పుకుని, నా మణికట్టు పట్టుకుని టెలిఫోను బూత్‌కి లాక్కుపోయింది. గుర్మేజ్ నంబరు తిప్పించింది. నేను పక్కన నిలబడి ఆవిడ పెదవులు చూస్తున్నాను. మా ఆయన మీకు చెయ్యి కలిపింది చెవుడు వల్ల, ఇప్పుడు ఆ చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడు, అంది. అవతల వాడేదో అన్నాడు. మగాళ్ళ మాటలో ఆడవాళ్ళు ఎందుకు అన్నాడట. అప్పుడు ఫోను నా చేతికిచ్చింది. నాకేం వినపడుతుంది? అందుకే నేను చెప్పాలనుకున్నదంతా ఆపకుండా చెప్పాను. అతను మధ్యలో ఏమన్నాడో నాకు తెలియదు, అక్కర్లేదు కూడా.

"గోదా మీద ఎవడైనా ట్రాక్టరు పెడితే ముందు నా మీద నుంచి పోవాలి. ఈ మాట నువ్వు చదివిన మైకులోనే చదివించు" అన్నాను.

ఆ తర్వాత మహిందరో గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీ గారికి కూడా ఫోను చేసింది. ఆయన మైకులో చదివాడా?

మాట తప్పినవాడినని అనుకుంటారు. అనుకోనీ. మొన్న నీకు అలా రాసినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. తిరునాళ్ళకి సెలవు పెట్టి వస్తున్నాను. గోదా గట్టున నేను నిలబడతాను, చూద్దాం ఎవడొస్తాడో.

నీ హర్నేక్

*

కోట్ మల్లా
10 మార్చి 2007

హర్నేక్‌కు, వదిన ఆశీస్సులు.

చదివాడు. గ్రంథీ గారు దగ్గుతూ చదివినా మాటలు మాత్రం మింగలేదు. మహిందరోకి ఒక దుపట్టా కుట్టి పంపుతున్నాను. నీకేమీ లేదు.

నువ్వు రావద్దు. కోపంతో చెప్పడం లేదు. నువ్వొచ్చి గట్టున నిలబడితే మరిది వచ్చి జరిపించాడంటారు. గుర్మేజ్‌కి కూడా నీతో మాట్లాడటం తేలిక. ఇద్దరు మగాళ్ళు మంచం మీద కూర్చుని, చెరో గ్లాసు పట్టుకుని, సర్దుకుంటారు. నాతో సర్దుకోవడం ఎలాగో వాడికి తెలియడం లేదు. అలాగే ఉండనీ.

నీ వదిన

*

కోట్ మల్లా
22 మార్చి 2007

హర్నేక్‌కు, మహిందరోకి ఆశీస్సులు.

జరిగింది. మొదటి నుంచి రాస్తాను, తొందరపడకు.

గుర్మేజ్ బడి మైదానంలో పాటకచేరీ అదే రోజున, అదే వేళకి పెట్టాడు. డోలు వాళ్ళందరికీ ముందే చెప్పేశాడు, గోదా దగ్గర వాయిస్తే ఇక ఊళ్ళో పెళ్ళిళ్ళకి పిలిచేది లేదని. ఒక్కడూ రాలేదు. డోలు మోగకుండా పహిల్వాన్లు బట్టలు విప్పరు. మాహిల్‌పుర్ వైపు నుంచి వచ్చిన వాళ్ళు చెట్టు కింద కూర్చుని టీ తాగి, ఇక వెళ్తామన్నారు. ఉజాగర్ బావగారు కూడా రాలేదు. ఆడది తొక్కిన మట్టిలో గెలుపోటములు చెప్పనన్నాడు. వేరే ఊరి పెద్దమనిషిని పిలిచాను. పాపం, ఆయనకి కళ్ళజోడు దళసరి.

వెళ్ళిపోతున్న వాళ్ళని ఎలా ఆపాలో తెలియక నిలబడి ఉన్నాను. వెనకింటి మేడ మీద ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. ఎప్పుడూ అంతే కదా, మేము మేడల మీద నుంచి, ముసుగుల సందుల్లోంచి చూడాలి. వాళ్ళలోంచి దర్శీ వాళ్ళమ్మ దిగింది. మంచాన పడ్డ దర్శీ వాళ్ళమ్మ. చంకలో పెళ్ళి పాటల డోలకి. గట్టు దాకా వచ్చి కూర్చుని ఒక దెబ్బ వేసింది. తర్వాత మిగతావాళ్ళు దిగారు. ఒకామె చెంచాతో డోలకి చెక్క మీద తాళం వేసింది.

అది పెళ్ళి దరువు. అత్తల్ని తిట్టే పాటలకి వాయించే దరువు. ఫకర్‌దీన్ నవ్వేశాడు. కానీ చొక్కా తీసి, మట్టి తీసుకుని నుదుటికి రాసుకుని, ఆ దరువుకే తొడ చరిచాడు. మాహిల్‌పుర్ వాళ్ళు టీ గ్లాసులు కింద పెట్టారు.

చిన్న కుస్తీలు ఆరేడు జరిగాయి. దూరంగా నిలబడి చూసేవాళ్ళని చెప్పానే, మన ఊరి ఇద్దరు, వాళ్ళూ దిగారు. ఇద్దరూ ఓడిపోయారు. బడి వైపు నుంచి పాటకచేరీ పెట్టెల మోత వస్తూనే ఉంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా డోలకి వినపడేది కాదు. అప్పుడు ఆడవాళ్ళు ఇంకా గట్టిగా వాయించేవాళ్ళు.

చివరికి పట్కా కుస్తీ. గెలిచినవాడి తలకి తలపాగా గుడ్డ చుడతారు చూడు, అదీ. ఫకర్‌దీన్‌కి ఎదురు మాహిల్‌పుర్ మనిషి నాహర్. సన్నగా ఉన్నా తాడులా ఉన్నాడు. ఇద్దరూ చాలాసేపు మెడలు పట్టుకుని తిరిగారు. నాహర్ చటుక్కున కిందికి దూరి ఫకర్‌దీన్‌ని లేపి పడేశాడు. కళ్ళజోడు పెద్దమనిషి చెయ్యెత్తాడు, అయిపోయిందని. మాహిల్‌పుర్ వాళ్ళు లేచి గంతులేశారు.

అప్పుడు రోడ్డు మీద నుంచి ఒక గొంతు వినపడింది.

"వీపు తగల్లేదు. ఒక్క భుజమే. వదలండి, పట్టనివ్వండి."

ఉజాగర్ బావగారు. రానన్న మనిషి పొద్దున నుంచి ఇటు వీపు పెట్టి రోడ్డు మీద నిలబడ్డాడట. ఎప్పుడు ఇటు తిరిగాడో ఎవరూ చూడలేదు. అన్నాక తనే బిత్తరపోయి కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు. కానీ ఆయన మాటకి ఎదురు చెప్పేవాడెవడు? మళ్ళీ పట్టారు. ఈసారి ఫకర్‌దీన్ నిజంగానే ఓడిపోయాడు. రెండు భుజాలూ మట్టికి అంటుకున్నాయి. లేచి, నాహర్‌ని భుజం మీద ఎక్కించుకుని గోదా చుట్టూ తిప్పాడు. వాళ్ళమ్మ గట్టు మీద నుంచి తిడుతూనే ఉంది, మెడ అలా ఇచ్చేస్తారా అని.

చూశాను హర్నేక్. దగ్గర నుంచి. మట్టి నా ముఖం మీద పడింది. ఒంటి మీద ఒళ్ళు పడితే అంత చప్పుడవుతుందని మీ అన్న ఎప్పుడూ చెప్పలేదు.

గుర్మేజ్ పంచాయితీ పిలిచాడు, వైశాఖి పండగ తర్వాత. కబురు ఏమిటంటే, గోదా పూడ్చరట, అలాగే ఉంచుతారట. దాన్ని తిరునాళ్ళ సంఘం చూసుకుంటుంది. నేను మాత్రం గోదాలో కాలు పెట్టినందుకు నలుగురి ముందు తప్పు ఒప్పుకోవాలి, మట్టిని శుద్ధి చేయించాలి, ఇక దిగకూడదు.

నీ వదిన

*

బాజ్‌పుర్ దగ్గర
3 ఏప్రిల్ 2007

వదినా, పాదాలకు నమస్కారం.

నీ ఉత్తరం మిల్లులో అందరికీ చదివి వినిపించాను. ఆ లారీవాడికి కూడా వినిపించాను. వాడు తల దించుకున్నాడు.

గెలిచావు వదినా. ఇక ఒప్పేసుకో. గోదా ఉంటుంది. అదే కదా కావలసింది. తప్పయిందని ఒక మాట అంటే పోయేదేముంది? నువ్వు వంగావని ఎవరూ అనుకోరు, పెద్దల మాట మన్నించావంటారు. నేను కూడా నీ కోసం మాట పోగొట్టుకున్నాను, నాకేమీ అవలేదు.

మహిందరో ఇది చదివి కాగితం మీద ఇంకో మాట రాయమంటోంది. ఇది మా ఆయన సలహా, నాది కాదు, అని.

నీ హర్నేక్

*

కోట్ మల్లా
24 ఏప్రిల్ 2007

హర్నేక్‌కు, మహిందరోకి వదిన ఆశీస్సులు.

నువ్వు నా మేలు కోరే రాశావని తెలుసు. కానీ నువ్వు మాట పోగొట్టుకున్నది వాళ్ళతో. ఈ ఒక్క మాట నేను అంటే, పోగొట్టుకునేది నాతోనే.

పంచాయితీ ధర్మశాల అరుగు మీద జరిగింది. గోధుమ కోతల రోజులు, అయినా అందరూ వచ్చారు. ఉజాగర్ బావగారు మధ్యలో మంచం మీద కూర్చున్నాడు. ఆయన ఉన్నాడు కాబట్టి ముసుగు గడ్డం దాకా దించుకుని ఒక వారగా నిలబడ్డాను. మా వైపు నుంచి ఎవరు మాట్లాడతారని అడిగారు. నేనే అన్నాను. ఒకరినొకరు చూసుకున్నారు.

గుర్మేజ్ షరతులు చదివాడు. అయ్యాక నేను అన్నది నీకు ఉన్నదున్నట్టు రాస్తాను.

"సరే, దిగను. రేపు తెల్లవారి దాన్ని తవ్వేవాడెవడో పేరు చెప్పండి. ఎల్లుండి ఎవడు, ఆ తర్వాత ఎవడు? రోజూ తవ్వకపోతే అది గోదా కాదు. పేరు చెప్పండి, వాడికి బాదం పాలు నేనే కాచి తెస్తాను, గట్టు మీద పెట్టి పోతాను, ఎప్పట్లాగే."

ఎవరో వెనక నుంచి, కూలి మనిషిని పెడదామన్నారు. అలాగే, మీ అమ్మకి మందు కూడా కూలి మనిషే పోస్తున్నాడా అన్నాను. కఠినంగా అన్నాననుకో. అనేశాను.

గుర్మేజ్, మరి తప్పు ఒప్పుకునే సంగతి ఏమిటన్నాడు. లఖ్‌దాతాకి నేను రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టి ఆ తర్వాతే దిగుతున్నాను, ఆయనకి కోపం ఉంటే ఈపాటికి చెప్పేవాడు, మీకు మాత్రం చెప్పుకోవలసిన తప్పు నా దగ్గర లేదు, అని వచ్చేశాను. వెనక ఏం మాట్లాడుకున్నారో తెలియదు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి గోదాలో ఒక మనిషి ఉన్నాడు. ఫకర్‌దీన్ వాళ్ళు అప్పటికే కొండలకి బయలుదేరిపోయారు. ఎవరా అని చూస్తే ఉజాగర్ బావగారు. చెప్పులు గట్టు మీద ఉన్నాయి. పంచె పైకి కట్టి ఇంటి నుంచి తెచ్చుకున్న పారతో తవ్వుతున్నాడు. ఆ వయసులో. నేను ముసుగు లాక్కుని దూరంగా ఆగిపోయాను. ఒక వరస తవ్వాడు, రెండో వరస సగం అయింది. పార మీద ఆనుకుని నిలబడిపోయాడు. ఊపిరి తీసుకుంటున్న చప్పుడు నాకు వినపడుతోంది. బయటికి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

తర్వాత మాట్లాడాడు. నాతోనే. ఇన్నేళ్ళలో మొదటిసారి.

"తూర్పు మూల లోతు ఎక్కువైంది. అక్కడ పడ్డవాడి మోకాలు పోతుంది. సరిచెయ్యి" అన్నాడు.

నేను దిగి పార అందుకున్నాను. ముసుగు కళ్ళ మీదికి జారుతోంది, ఒకసారి పార కాలి పక్క నుంచి పోయింది. ఆయన అది చూశాడు. గుడ్డ కట్టుకుని తవ్వితే కాలు తెగుతుందన్నాడు. అని, లేచి, నాకు వీపు పెట్టి, గోధుమ చేల వైపు తిరిగి కూర్చున్నాడు.

నేను ముసుగు వెనక్కి వేసి తవ్వాను.

ఆ రోజు నుంచి రోజూ వస్తున్నాడు. అటే తిరిగి కూర్చుంటాడు. పార చప్పుడు విని, ఇంకా లోతు, చాలు, ఇప్పుడు నూనె చల్లు, అని చెబుతాడు. ఊళ్ళో ఏమంటున్నారో ఆయన అడగడు, నేనూ చెప్పను. మన ఊరి కుర్రాళ్ళిద్దరూ మళ్ళీ వస్తున్నారు, ఇంకొకడిని వెంటేసుకుని. గుర్మేజ్ కోర్టుకు పోతానంటున్నాడట. పోనీ. అక్కడా ఇదే అడుగుతాను, తవ్వేవాడి పేరు చెప్పమని.

నిన్న పెద్ద మట్టిగడ్డ ఒకటి పగలక నేను ఏదో తిట్టాను. ఉజాగర్ బావగారు మర్చిపోయి వెనక్కి తిరిగాడు. నా ముఖం చూశాడు.

నేను ముసుగు దించలేదు. ఆయనా తల తిప్పుకోలేదు. పారని ఇంకొంచెం వాలుగా పట్టుకో అన్నాడు.

నీ వదిన
పర్సిన్ కౌర్